డిస్క్ చెక్ నడిచిన ప్రతిసారీ నెట్‌వర్క్ షేర్ మౌంట్ అవుతోందా? లినక్స్‌లో కారణం పట్టుకుని సరిచేసే పద్ధతి

ఎవరూ వాడని ఎన్‌ఎఫ్‌ఎస్ షేర్ (ఫైల్ సర్వర్ నుంచి నెట్‌వర్క్ ద్వారా వచ్చే ఫోల్డర్) పగలూ రాత్రీ మౌంట్ అయ్యే ఉంటుంది. ఖాళీగా ఉంటే ఐదు నిమిషాల్లో ఊడాలని టైమౌట్ పెట్టినా ఊడదు, అంటే అన్‌మౌంట్ కాదు. ఫైల్ సర్వర్‌ను మరమ్మతుకు ఆపితే, దానితో సంబంధమే లేని వెబ్ సర్వర్ల మీద డిస్క్ అలర్ట్‌లు మొదలవుతాయి. ఇది ఎలా సరిచేయాలని అడిగేవాళ్లు ఎక్కువయ్యారు కాబట్టి, నేను పాటించే క్రమాన్ని ఇక్కడ వరసగా రాస్తున్నాను.

చాలాసార్లు కారణం ఒకటే. డిస్క్‌లో ఖాళీ ఎంతుందో చూసే మానిటరింగ్ చెక్, ఆటోమౌంట్ పాయింట్‌ను (ఎవరైనా తాకినప్పుడే షేర్ మౌంట్ అయ్యే డైరెక్టరీని) కూడా ఒక డిస్క్ అనుకుని తాకుతుంది. తాకగానే, ఎవరో నిజంగా వాడబోతున్నారనుకుని కెర్నెల్ దాన్ని మౌంట్ చేయిస్తుంది. అందుకే చెక్ ముందుగా మౌంట్ పట్టిక చదవాలి, ఫైల్‌సిస్టమ్ రకం చూసి వదిలేయాల్సినవి వదిలేయాలి, ఆ తర్వాతే మిగిలినవాటిని తాకాలి. కింద చెప్పే సవరణలన్నీ ఈ వరస కుదరడం కోసమే.

కమాండ్లు, ఫైళ్ల పేర్లు తెలుగు లిపిలో రాశాను. టెర్మినల్‌లో ఇంగ్లీషు అక్షరాల్లోనే టైప్ చేయండి.

## 1. ముందు మీ సమస్య ఏ రకమో తేల్చుకోండి

"ఆటోమౌంట్ సరిగ్గా పనిచేయట్లేదు" అనే మాట కింద మూడు వేర్వేరు సమస్యలు దాగి ఉంటాయి. మూడింటికీ మందు ఒకటి కాదు.

మొదటి రకం: మౌంట్ కాని షేర్, చెక్ నడవగానే మౌంట్ అవుతుంది. ఇక్కడ చెక్ ట్రిగ్గర్‌ను, అంటే తాకగానే మౌంట్ చేయించే ఆటోమౌంట్ డైరెక్టరీని, తాకుతోంది.

రెండో రకం: ఎవరో నిజంగానే వాడి వదిలేశారు, కానీ ఆ తర్వాత అన్‌మౌంట్ కావడం లేదు. ఇక్కడ చెక్ కొత్తగా మౌంట్ చేయించడం లేదు. అప్పటికే మౌంటైన షేర్‌ను పదేపదే పలకరిస్తూ, ఖాళీగా ఉన్న సమయం లెక్కను మళ్లీ సున్నాకి తెస్తోంది.

మూడో రకం: ఫైల్ సర్వర్ అందుబాటులో లేనప్పుడు చెక్ వేలాడిపోతుంది. ప్రాసెస్‌లు డీ స్థితిలో (జవాబు కోసం కదలకుండా ఎదురుచూసే స్థితి) పేరుకుపోతాయి, సీపీయూ ఖాళీగా ఉన్నా లోడ్ యావరేజ్ పెరుగుతుంది.

మొదటిదాన్ని సరిచేసి రెండోదాన్ని వదిలేసేవాళ్లే ఎక్కువ. నేను పనిచేసిన ఒక చోట కూడా అదే జరిగింది. ఆటోఎఫ్‌ఎస్ రకాన్ని (మౌంట్ పట్టికలో ఆటోమౌంట్ పాయింట్లకు ఉండే ఫైల్‌సిస్టమ్ రకం) చెక్ నుంచి తీసేశాం, పని అయిపోయిందనుకున్నాం. కానీ ఎవరైనా ఒక్కసారి షేర్ తెరిస్తే చాలు, మళ్లీ రోజుల తరబడి అది మౌంట్ అయ్యే ఉండేది. కారణం తెలియడానికి చాలా సమయం పట్టింది. ఆ కారణం తర్వాతి భాగంలో ఉంది.

## 2. ఏది తాకితే మౌంట్ అవుతుంది

ఇది తెలియకపోతే మిగతా అడుగులన్నీ గుడ్డిగా వేసినట్టే. కాస్త ఓపికగా చదవండి.

ఖాళీ ఎంతుందో తెలుసుకోవడానికి ప్రోగ్రాములు వాడే సిస్టమ్ కాల్ పేరు స్టాట్‌ఎఫ్‌ఎస్. ఇది ఆటోమౌంట్‌ను కావాలనే ట్రిగ్గర్ చేస్తుంది. ట్రిగ్గర్ డైరెక్టరీకి సొంతంగా సైజు ఉండదు కాబట్టి, అసలు ఫైల్‌సిస్టమ్ వస్తేనే జవాబుకు అర్థం ఉంటుందని కెర్నెల్‌లో అలా పెట్టారు.

ఫైల్ వివరాలు అడిగే స్టాట్ కాల్ సంగతి వేరు. 4.11 కెర్నెల్ నుంచి, దారి చివర అప్పటికే ఉన్న ఆటోమౌంట్ డైరెక్టరీని మామూలు స్టాట్ అడిగితే మౌంట్ కాదు. అదే డైరెక్టరీ దారి మధ్యలో ఉంటే మాత్రం దాన్ని దాటి లోపలికి వెళ్లాలి కాబట్టి మౌంట్ అవుతుంది. ఇండైరెక్ట్ మ్యాప్‌లో (ఒక పై డైరెక్టరీ కింద షేర్లన్నీ పేర్లుగా ఉండే ఏర్పాటు) బ్రౌజ్ మోడ్ (ఆ పేర్లను ముందే చూపించే సెట్టింగ్) ఆఫ్‌లో ఉంటే, ఇంకా డైరెక్టరీగా కనిపించని పేరును స్టాట్ అడిగినా మౌంట్ అవుతుంది.

డిస్క్‌లో ఖాళీ చూపించే డీఎఫ్ కమాండ్‌కు దారి ఏమీ ఇవ్వకపోతే అది ఆటోఎఫ్‌ఎస్‌ను ఉత్తుత్తి ఫైల్‌సిస్టమ్‌గా లెక్కేసి వదిలేస్తుంది. అన్నీ చూపించమని చిన్న ఏ ఆప్షన్ ఇస్తే వదలదు. డీఎఫ్‌కు నేరుగా దారి ఇస్తే, మౌంట్ పట్టిక చదవకముందే ఆ దారిని తాకుతుంది. అక్కడ ఆటోమౌంట్ ఉంటే ముందు మౌంట్ కావాలనే దాన్ని అలా రాశారు. అంటే "డీఎఫ్, దాని పక్కన ఫలానా దారి" అని రాసిన ప్రతి స్క్రిప్టూ ఒక ట్రిగ్గరే.

ఇక అందరినీ తికమక పెట్టే విషయం. డైరెక్ట్ మ్యాప్‌లో (ప్రతి షేర్‌కూ పూర్తి దారి రాసే ఏర్పాటు) గానీ సిస్టమ్‌డీ (లినక్స్‌లో సర్వీసులు నడిపే ప్రోగ్రామ్) ఆటోమౌంట్‌లో గానీ, షేర్ మౌంట్ అయ్యాక మౌంట్ పట్టికలో ఒకే దారికి రెండు వరుసలు ఉంటాయి. ఒకటి ఆటోఎఫ్‌ఎస్ రకం, దాని మీద కూర్చున్న ఎన్‌ఎఫ్‌ఎస్4 ఇంకొకటి.

- చెక్‌లో ఎన్‌ఎఫ్‌ఎస్‌ను మాత్రమే వదిలేయమంటే, ఆటోఎఫ్‌ఎస్ వరుస జల్లెడ దాటి వస్తుంది. షేర్ మౌంట్ అవుతుంది.
- ఆటోఎఫ్‌ఎస్‌ను మాత్రమే వదిలేయమంటే, మౌంట్ అయ్యాక వచ్చే ఎన్‌ఎఫ్‌ఎస్4 వరుస జల్లెడ దాటి వస్తుంది. షేర్ ఇక ఊడదు.

రెండూ కలిపి వదిలేయాలి. మా దగ్గర జరిగిన పొరపాటు రెండోది.

## 3. పని మొదలుపెట్టే ముందు

☐ ఆ యంత్రంలో రూట్ అనుమతి, మానిటరింగ్ కాన్ఫిగరేషన్ మార్చే అనుమతి రెండూ ఉన్నాయా?

☐ చెక్ ఏ యూజర్ పేరుతో నడుస్తోంది, ఎంత సేపటికొకసారి నడుస్తోంది? రాసి పెట్టుకోండి.

☐ షేర్ ఖాళీగా ఉంటే ఎంత సేపటికి ఊడాలని పెట్టారు? అది కూడా పక్కనే రాయండి.

☐ ఆ షేర్‌ను నిజంగా వాడే మనుషులు, బ్యాకప్‌లు, క్రాన్ పనులు ఏవి? పరీక్ష చేసే గంటలో అవి నడవకూడదు.

☐ మార్చబోయే ప్రతి ఫైల్‌కూ కాపీ తీశారా?

రెండో మూడో గడుల్లోని అంకెలు పక్కపక్కన పెట్టి చూస్తే చాలాసార్లు సగం జవాబు అక్కడే దొరుకుతుంది. ఆటోఎఫ్‌ఎస్‌తో వచ్చే కాన్ఫిగరేషన్ ఫైల్‌లో టైమౌట్ సాధారణంగా 300 సెకన్లు. ఆ గడువులో నాలుగో వంతుకు ఒకసారి, అంటే 75 సెకన్లకు ఒకసారి, ఏది ఖాళీగా ఉందో ఆటోమౌంట్ డీమన్ (వెనక నడుస్తూ మౌంట్‌లు చేసే ప్రోగ్రామ్) చూస్తుంది. చెక్ నిమిషానికోసారి నడుస్తుంటే 300 సెకన్ల నిశ్శబ్దం ఎప్పటికీ దొరకదు. ఐదు నిమిషాలకోసారి నడిచినా దాదాపు అదే పరిస్థితి.

## 4. ట్రిగ్గర్ల జాబితా తీయండి

ఫైండ్‌ఎంఎన్‌టీ కమాండ్‌కు చిన్న టీ ఆప్షన్‌తో ఆటోఎఫ్‌ఎస్ అనే రకం ఇచ్చి నడపండి. యంత్రంలో ఉన్న ఆటోమౌంట్ పాయింట్లన్నీ వస్తాయి. అది లేని యంత్రంలో /ప్రాక్/మౌంట్స్ ఫైల్‌ను చదివి, మూడో గడిలో ఆటోఎఫ్‌ఎస్ ఉన్న వరుసలు ఏరండి. ఆ ఫైల్ చదవడం కేవలం అక్షరాలు చదవడమే, దానివల్ల ఏదీ మౌంట్ కాదు.

వచ్చిన ప్రతి వరుసలో మొదటి గడి చూడండి. సిస్టమ్‌డీ-1 అని ఉంటే అది సిస్టమ్‌డీ పెట్టినది. ఆటో.డైరెక్ట్ లాంటి మ్యాప్ పేరు గానీ /ఈటీసీ కింద ఉన్న మ్యాప్ ఫైల్ దారి గానీ ఉంటే అది ఆటోమౌంట్ డీమన్ పెట్టినది. ఈ తేడా గుర్తుపెట్టుకోండి, ఐదో భాగంలో లాగ్ ఎక్కడ వెతకాలో దీన్నిబట్టే ఉంటుంది.

/ప్రాక్/సిస్/ఎఫ్‌ఎస్/బిన్‌ఎఫ్‌ఎంటీ_మిస్క్ అనే వరుస దాదాపు ప్రతి సిస్టమ్‌డీ యంత్రంలోనూ కనిపిస్తుంది. అది నెట్‌వర్క్ షేర్ కాదు, కంగారుపడక్కర్లేదు. కొన్ని యంత్రాల్లో ఈఎఫ్‌ఐ పార్టిషన్ కూడా ఆటోమౌంట్‌గానే ఉంటుంది.

## 5. తాకుతున్నది ఎవరో పట్టుకోండి

మానిటరింగ్ మీద నేరం మోపేముందు రుజువు కావాలి. బ్యాకప్ స్క్రిప్ట్, అప్‌డేట్‌డీబీ (ఫైళ్ల పేర్ల సూచిక తయారుచేసే ప్రోగ్రామ్), ఎవరి షెల్ ప్రాంప్టో, ఫైల్ మేనేజరో కూడా అదే పని చేయగలవు.

సిస్టమ్‌డీ ఆటోమౌంట్ అయితే పని సులువు. మౌంట్ కోరిక రాగానే సిస్టమ్‌డీ తన జర్నల్‌లో "గాట్ ఆటోమౌంట్ రిక్వెస్ట్ ఫర్" అంటూ ఒక వాక్యం రాస్తుంది. అందులో దారి, ట్రిగ్గర్ చేసిన ప్రాసెస్ నంబర్, బ్రాకెట్లలో ప్రాసెస్ పేరు ఉంటాయి. జర్నల్‌సీటీఎల్‌తో ఆ వాక్యం వెతికితే చెక్_డిస్క్, నోడ్_ఎక్స్‌పోర్టర్, జాబిక్స్_ఏజెంట్‌డీ లాంటి పేరు నేరుగా దొరుకుతుంది.

ఆటోమౌంట్ డీమన్ అయితే /ఈటీసీ/ఆటోఎఫ్‌ఎస్.కాన్ఫ్ ఫైల్‌లో లాగింగ్ విలువను డీబగ్‌కు మార్చి, సర్వీస్‌ను మళ్లీ మొదలుపెట్టండి. ఇప్పుడు ప్రతి మౌంట్ కోరికకూ లాగ్‌లో "రిక్వెస్ట్ పీఐడీ" అనే మాట పక్కన ప్రాసెస్ నంబర్ వస్తుంది. చిక్కేమిటంటే, చెక్ ప్రాసెస్ అర సెకనులో ముగిసిపోతుంది. మీరు ఆ నంబర్ వెతికే సరికి అది ఉండదు. అందుకే లాగ్‌లో ఉన్న సమయాన్ని మానిటరింగ్ సర్వర్‌లో ఆ చెక్ చివరిసారి నడిచిన సమయంతో పోల్చండి. నాలుగైదుసార్లు వరసగా సెకన్లతో సహా కలిస్తే అనుమానం ఉండదు. పని అవగానే డీబగ్ తీసేయడం మర్చిపోవద్దు, లాగ్ చాలా వేగంగా నిండుతుంది.

రెండింటిలోనూ తేలకపోతే ఆడిట్ (సిస్టమ్ కాల్స్‌ను నమోదు చేసే ఏర్పాటు) వాడండి. ఆడిట్‌సీటీఎల్‌తో స్టాట్‌ఎఫ్‌ఎస్ సిస్టమ్ కాల్ మీద ఒక నియమం పెట్టి, దానికి గుర్తుగా ఒక కీ పేరు ఇవ్వండి. పది నిమిషాల తర్వాత ఏయూసెర్చ్‌తో ఆ కీ వెతకండి. ప్రోగ్రామ్ పూర్తి దారి, దాని తల్లి ప్రాసెస్ నంబర్, ఏ యూజర్, ఏ డైరెక్టరీ అన్నీ వస్తాయి. షేర్‌ను తాకుతున్నది స్క్రిప్ట్ లోపల నుంచి పిలిచిన డీఎఫ్ అయినప్పుడు తల్లి ప్రాసెస్ నంబరే దారి చూపిస్తుంది. వెతుకులాట ముగియగానే నియమాన్ని తీసేయండి.

## 6. చేత్తో నడిపి నిరూపించండి

ఈ అడుగు దాటేసి నేరుగా కాన్ఫిగరేషన్ మార్చేవాళ్లు తర్వాత వెనక్కి రావాల్సి వస్తుంది.

1. మానిటరింగ్‌లో ఆ యంత్రం డిస్క్ చెక్‌ను కాసేపు ఆపండి. అలర్ట్‌ను మ్యూట్ చేస్తే సరిపోదు, చెక్ నడవకూడదు.
2. షేర్‌ను ఎవరూ వాడటం లేదని నిర్ధారించుకుని, చేత్తో అన్‌మౌంట్ చేయండి.
3. /ప్రాక్/మౌంట్స్‌లో ఆ దారికి ఆటోఎఫ్‌ఎస్ వరుస ఒక్కటే మిగిలిందని చూడండి. ఇండైరెక్ట్ మ్యాప్ అయితే పై డైరెక్టరీ వరుస మాత్రమే మిగులుతుంది.
4. చెక్ ఏ యూజర్‌తో నడుస్తుందో అదే యూజర్‌గా, అవే ఆప్షన్లతో, చేత్తో నడపండి.
5. మళ్లీ /ప్రాక్/మౌంట్స్ చూడండి. ఎన్‌ఎఫ్‌ఎస్ వరుస కొత్తగా వచ్చిందా?

వస్తే, అదే కమాండ్‌ను ఎస్‌ట్రేస్ (ప్రోగ్రామ్ చేసే సిస్టమ్ కాల్స్ చూపించే కమాండ్) కింద నడపండి. చిన్న ఎఫ్ ఆప్షన్ పిల్ల ప్రాసెస్‌లను కూడా వెంటాడుతుంది. పెద్ద టీ ఆప్షన్ ఒక్కో కాల్‌కు ఎంత సమయం పట్టిందో చూపిస్తుంది. స్టాట్‌ఎఫ్‌ఎస్, ఓపెన్‌ఏటీ, న్యూఎఫ్‌స్టాట్‌ఏటీ, స్టాట్‌ఎక్స్ కాల్స్‌ను మాత్రమే ఏరుకోండి. మీ షేర్ దారి ఏ కాల్‌లో కనబడుతుందో, ఆ కాల్‌కు మిగతావాటికంటే ఎక్కువ సమయం పట్టిందేమో చూడండి. మౌంట్ అయింది అక్కడే.

ఒక అపోహ గురించి చెప్పాలి. "మా చెక్ రూట్‌గా నడవదు, మామూలు యూజర్ మౌంట్ ఎలా చేయగలడు?" అని చాలామంది అంటారు. మౌంట్ చేసేది చెక్ కాదు. అది తాకితే చాలు, రూట్‌గా నడిచే డీమన్ గానీ సిస్టమ్‌డీ గానీ మౌంట్ చేస్తాయి.

## 7. చెక్‌ను సరిచేయండి

మొదటి మందు ఎప్పుడూ ఇక్కడే వేయాలి. ఆటోమౌంట్ సెట్టింగులు మార్చడం రెండో వరస. ఒక్కో మానిటరింగ్ ప్రోగ్రామ్‌లో ఏం చేయాలో కింద పేరు వారీగా ఉంది.

చెక్_డిస్క్ ప్లగిన్. చిన్న ఎల్ ఆప్షన్ ఇస్తే లోకల్ డిస్క్‌లే చూస్తుందని అందరూ నమ్ముతారు. కానీ డివైస్ పేరులో కోలన్ ఉందా లేదా లాంటి గుర్తులతోనే ఒక ఫైల్‌సిస్టమ్ రిమోట్‌దో కాదో తేలుతుంది. ఆటోఎఫ్‌ఎస్ ట్రిగ్గర్ వరుసలో సర్వర్ పేరూ కోలనూ ఉండవు. అందువల్ల అది లోకల్‌గా లెక్కలోకి వచ్చేస్తుంది. ఎల్ ఆప్షన్‌తో పాటు పెద్ద ఎక్స్ ఆప్షన్‌తో ఆటోఎఫ్‌ఎస్, ఎన్‌ఎఫ్‌ఎస్, ఎన్‌ఎఫ్‌ఎస్4, సీఐఎఫ్‌ఎస్ (విండోస్ తరహా షేర్) రకాలను ఒక్కొక్కటిగా వదిలేయమనండి. ప్రతి రకానికీ ఆప్షన్ మళ్లీ రాయాలి.

పెద్ద ఎల్ ఆప్షన్ ఉంటే తీసేయండి. చిన్న ఎల్‌కూ దీనికీ అక్షరం ఒకటే అయినా పని వేరు. రిమోట్ ఫైల్‌సిస్టమ్‌ల హద్దులు పట్టించుకోదు గానీ, అవి పలుకుతున్నాయో లేదో చూడటానికి వాటిని తాకుతుంది.

చిన్న పీ ఆప్షన్‌తో షేర్ దారిని నేరుగా ఇచ్చి ఉంటే, రకాల జాబితా ఎంత బాగా రాసినా ఆ దారిని తాకే అవకాశం ఉంటుంది. ఆ పీ వరుస తీసేయండి.

"సిస్ కెర్నెల్ డీబగ్ ట్రేసింగ్ అందుబాటులో లేదు, అనుమతి లేదు" అనే క్రిటికల్ అలర్ట్ వస్తుంటే అది కూడా ఈ కుటుంబానిదే. ట్రేస్‌ఎఫ్‌ఎస్ రకాన్ని కూడా జాబితాలో చేర్చండి.

ఐసింగా 2. డిస్క్ కమాండ్‌కు వదిలేయాల్సిన రకాల జాబితా ముందే ఉంటుంది. హోస్ట్‌లో మీ సొంత జాబితాను సమానం గుర్తుతో ఇస్తే పాతది మొత్తం పోతుంది. అందుకే పాత జాబితాలోని రకాలను కూడా మీ జాబితాలో కలిపి రాయండి.

నోడ్ ఎక్స్‌పోర్టర్. దీని డిఫాల్ట్ జాబితాలో ఆటోఎఫ్‌ఎస్ ఉంది, కాబట్టి మార్చకుండా వాడితే మొదటి రకం సమస్య రాదు. ఎవరైనా ఎఫ్‌ఎస్-టైప్స్-ఎక్స్‌క్లూడ్ ఫ్లాగ్‌కు సొంత రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ ఇచ్చినప్పుడే వస్తుంది. ఎన్‌ఎఫ్‌ఎస్‌ను తీసేయాలని "ఎన్‌ఎఫ్‌ఎస్ లేదా ఎన్‌ఎఫ్‌ఎస్4" అని మాత్రమే రాస్తారు. ఆ క్షణం నుంచి డిఫాల్ట్ జాబితా మాయం, ఆటోఎఫ్‌ఎస్ లోపలికి వస్తుంది. హెల్ప్ ఫ్లాగ్‌తో నడిపి డిఫాల్ట్ జాబితా కాపీ చేసుకుని, దాని చివర మీ రకాలు కలపండి. ఎక్స్‌ప్రెషన్‌ను సిస్టమ్‌డీ యూనిట్ ఫైల్‌లో ఎగ్జెక్‌స్టార్ట్ వరుసలో రాస్తే, చివరి డాలర్ గుర్తును రెండుసార్లు రాయండి.

జాబిక్స్. ఇక్కడ జాగ్రత్త ఎక్కువ కావాలి. వీఎఫ్‌ఎస్.ఎఫ్‌ఎస్.గెట్ ఐటమ్ వాడితే ఏజెంట్ ప్రతి మౌంట్ సైజునూ అడిగి ఒక్క మూటగా పంపుతుంది. మీరు టెంప్లేట్‌లో పెట్టే రకాల ఫిల్టర్ సర్వర్ వైపు, ఆ తర్వాత పనిచేస్తుంది. అప్పటికే ఏజెంట్ తాకేసింది. ఆటోమౌంట్‌లు ఉన్న యంత్రాలకు వీఎఫ్‌ఎస్.ఎఫ్‌ఎస్.డిస్కవరీ వాడి, ఫిల్టర్ దాటిన దారులకే సైజు ఐటమ్‌లు పెట్టడం మేలు.

టెలిగ్రాఫ్, కలెక్ట్‌డీ. టెలిగ్రాఫ్ డిస్క్ ఇన్‌పుట్‌లో ఇగ్నోర్_ఎఫ్‌ఎస్ జాబితాకు ఆటోఎఫ్‌ఎస్, నెట్‌వర్క్ రకాలు చేర్చండి. కలెక్ట్‌డీలో డీఎఫ్ ప్లగిన్ కింద ఎఫ్‌ఎస్‌టైప్ వరుసలు రాసి, ఇగ్నోర్‌సెలెక్టెడ్ ట్రూ పెట్టండి.

సొంత స్క్రిప్ట్. డీఎఫ్‌కు దారులు ఇవ్వకండి. చిన్న ఎల్ ఆప్షన్‌తో లోకల్‌వి మాత్రమే అడిగి, వచ్చిన జాబితాలో మీకు కావాల్సిన వరుస ఏరుకోండి. పిలుపు ముందు టైమౌట్ కమాండ్ పెట్టి పది సెకన్ల హద్దు ఇవ్వండి, చంపే సిగ్నల్ కిల్‌గా ఉంచండి.

## 8. తర్వాత ఆటోమౌంట్ వైపు చూడండి

చెక్ సరైన తర్వాత కూడా షేర్ ఊడకపోతే ఇక్కడికి రండి.

సిస్టమ్‌డీ ఆటోమౌంట్‌లో ఐడిల్ టైమౌట్ డిఫాల్ట్‌గా ఉండదు. ఎఫ్‌స్టాబ్‌లో (ఏవి ఎక్కడ మౌంట్ కావాలో రాసే ఫైల్) ఎక్స్-సిస్టమ్‌డీ.ఆటోమౌంట్ మాత్రమే రాసి, ఎక్స్-సిస్టమ్‌డీ.ఐడిల్-టైమౌట్ రాయకపోతే ఒకసారి మౌంటైన షేర్ అలాగే ఉండిపోతుంది. ఇందులో మానిటరింగ్ తప్పేమీ లేదు. విలువ రాసి, సిస్టమ్‌సీటీఎల్ డీమన్-రీలోడ్ చేసి, ఆ ఆటోమౌంట్ యూనిట్‌ను మళ్లీ మొదలుపెట్టండి. డీమన్-రీలోడ్ ఒక్కటే చాలదు.

ఆటోమౌంట్ డీమన్‌లో స్ట్రిక్ట్‌ఎక్స్‌పైర్ అనే ఆప్షన్ ఉంది. /ఈటీసీ/ఆటో.మాస్టర్‌లో ఆ మ్యాప్ వరుస చివర రాస్తారు. మామూలుగా ఎవరైనా ఆ దారి గుండా నడిచినా చివరి వాడకం సమయం మారుతుంది. ఈ ఆప్షన్ పెడితే అలా మారదు, కాబట్టి మౌంట్ పట్టిక మొత్తం తడిమి చూసే ప్రోగ్రాముల వల్ల షేర్ నిలిచిపోదు. రెండో రకం సమస్యకు, ముఖ్యంగా చెక్ మీ చేతిలో లేనప్పుడు, ఇదే సరైన మందు. మీ యంత్రంలో ఆటో.మాస్టర్ మాన్యువల్ పేజీలో ఈ పదం ఉంటేనే వాడండి. పాత వెర్షన్లలో లేదు.

ఇది కొత్తగా మౌంట్ కావడాన్ని మాత్రం ఆపదు. చెక్ ట్రిగ్గర్‌ను తాకుతూనే ఉంటే, ఊడిన షేర్ మళ్లీ మౌంట్ అవుతుంది. అందుకే ఏడో భాగం ముందు చేయాలి.

టైమౌట్‌ను పది సెకన్లకు తగ్గించే ఆలోచన వస్తే పక్కన పెట్టండి. ప్రతి చెక్‌కూ మౌంట్, అన్‌మౌంట్ జరిగి ఫైల్ సర్వర్ మీద పని పెరుగుతుంది. అలాగే చెక్ వేలాడకూడదని షేర్‌ను సాఫ్ట్ ఆప్షన్‌తో (సర్వర్ పలకకపోతే కొంతసేపటికి ఎర్రర్ ఇచ్చేసేది) మౌంట్ చేయడం కూడా నేను ఒప్పుకోను. రాస్తున్న డేటా మధ్యలో ఎర్రర్‌తో తెగిపోవచ్చు. ఒక అలర్ట్ కోసం వాడుకరుల ఫైళ్లను ప్రమాదంలో పెట్టకూడదు.

## 9. షేర్‌లో ఖాళీ ఎంతుందో కూడా తెలియాలంటే

ఆ లెక్క ఫైల్ సర్వర్ మీదే చూడండి. డిస్క్ ఉన్నది అక్కడ. ఒకే షేర్‌ను వాడే ప్రతి యంత్రం నుంచీ అదే అంకెను అడిగితే, షేర్ నిండిన రోజు యంత్రానికొక అలర్ట్ వస్తుంది. అసలు కారణం వాటి మధ్య కనబడకుండా పోతుంది.

క్లయింట్ నుంచి షేర్ అందుతోందో లేదో తెలియడం మీకు నిజంగా అవసరమైతే, దాన్ని డిస్క్ చెక్‌లో కలపకండి. విడిగా ఒక చెక్ పెట్టండి. అది ముందు /ప్రాక్/మౌంట్స్ చదవాలి. రెండో గడి మీ దారికి సమానమై, మూడో గడి ఎన్‌ఎఫ్‌ఎస్4 లేదా ఎన్‌ఎఫ్‌ఎస్ అయితేనే ముందుకెళ్లాలి. లేకపోతే "మౌంట్ కాలేదు, ఇబ్బంది లేదు" అని ఓకే చెప్పి ముగించాలి. దారిలో ఖాళీ అక్షరం ఉంటే ఆ ఫైల్‌లో అది వెనక్కి వాలిన గీత, దాని పక్కన 040గా కనబడుతుందని గుర్తుంచుకోండి. ఈ చెక్ వ్యవధి ఖాళీ టైమౌట్ కంటే కనీసం రెండింతలు ఉండాలి, లేదా స్ట్రిక్ట్‌ఎక్స్‌పైర్ ఉండాలి.

## 10. తరచూ కనిపించే పొరపాట్లు

ఎన్‌ఎఫ్‌ఎస్ అని రాసి ఎన్‌ఎఫ్‌ఎస్4 మర్చిపోవడం. నాలుగో వెర్షన్ షేర్ మౌంట్ పట్టికలో ఎన్‌ఎఫ్‌ఎస్4 అనే వేరే రకంగా కనబడుతుంది. రెండూ రాయండి.

షేర్ మౌంట్ అయి ఉండగా పరీక్షించడం. అప్పటికే మౌంట్ అయిన షేర్ మీద పరీక్షిస్తే ట్రిగ్గర్ సమస్య కనబడదు. ఆరో భాగంలో రెండో అడుగు తప్పనిసరి.

పరీక్షకు ఎల్‌ఎస్, స్టాట్, మౌంట్‌పాయింట్ కమాండ్లు వాడటం. కోర్‌యుటిల్స్ 8.32, 9.0 వెర్షన్లలో ఎల్‌ఎస్, స్టాట్ కమాండ్లు కొత్తగా స్టాట్‌ఎక్స్ కాల్‌ను వాడటం మొదలుపెట్టి ఆటోమౌంట్‌ను కదిలించేవి. తర్వాత దాన్ని సరిచేశారు. ఒక యంత్రంలో చూసింది ఇంకో యంత్రంలో నిజం కాకపోవచ్చు. మౌంట్ అయిందో లేదో తెలుసుకోవడానికి /ప్రాక్/మౌంట్స్ ఒక్కదాన్నే నమ్మండి.

స్క్రిప్ట్‌లో నక్షత్రం గుర్తు. బ్రౌజ్ మోడ్ ఆన్‌లో ఉన్న డైరెక్టరీ కింద ఉన్నవన్నీ నక్షత్రంతో తీసి ఒక్కోదాని సైజు అడిగితే, మ్యాప్‌లో ఉన్న షేర్లన్నీ ఒకేసారి మౌంట్ అవుతాయి.

## 11. కంటైనర్ నుంచి చూస్తుంటే

ఏజెంట్ కంటైనర్‌లో ఉండి హోస్ట్ ఫైల్‌సిస్టమ్‌ను బయటి నుంచి తెచ్చుకుంటే, "టూ మెనీ లెవెల్స్ ఆఫ్ సింబాలిక్ లింక్స్" అనే వింత ఎర్రర్ రావచ్చు. సింబాలిక్ లింక్‌లతో దానికి సంబంధం ఉండదు. కంటైనర్‌లోని ట్రిగ్గర్‌ను తాకగానే హోస్ట్‌లో షేర్ మౌంట్ అవుతుంది, కానీ ఆ మౌంట్ కంటైనర్‌లోకి రాదు. ఖాళీ ట్రిగ్గరే మళ్లీ మళ్లీ ఎదురై కెర్నెల్ ఆ ఎర్రర్ ఇస్తుంది. ప్రైవేట్ మౌంట్ నేమ్‌స్పేస్‌లో (తమకంటూ విడి మౌంట్ పట్టికతో) నడిచే సిస్టమ్‌డీ సర్వీస్‌లకు కూడా ఇదే రావచ్చు.

హోస్ట్ రూట్‌ను కంటైనర్‌కు ఇచ్చేటప్పుడు రీడ్-ఓన్లీతో పాటు ఆర్‌స్లేవ్ ప్రాపగేషన్ పెట్టండి. హోస్ట్‌లో తర్వాత జరిగే మౌంట్, అన్‌మౌంట్ రెండూ లోపలికి చేరతాయి. ఏడో భాగంలోని రకాల జాబితా ఇక్కడ కూడా పెట్టాలి.

## 12. సరిచేశాక ఒక రాత్రి గమనించండి

☐ చెక్‌ను మళ్లీ ఆన్ చేశాను, కొత్త ఆప్షన్లతోనే నడుస్తోందని ప్రాసెస్ వరుసలో చూశాను.

☐ షేర్‌ను అన్‌మౌంట్ చేశాక చెక్ కనీసం మూడుసార్లు నడిచింది, /ప్రాక్/మౌంట్స్‌లో ఎన్‌ఎఫ్‌ఎస్ వరుస రాలేదు.

☐ షేర్‌ను చేత్తో ఒకసారి తెరిచి మూశాను. టైమౌట్, దాని మీద నాలుగో వంతు సమయం గడిచాక అది ఊడింది.

☐ లోకల్ డిస్క్‌ల అలర్ట్‌లు ఇంకా పనిచేస్తున్నాయి. హద్దును కాసేపు తగ్గించి నిజంగా అలర్ట్ వస్తోందని చూశాను.

☐ డీబగ్ లాగింగ్, ఆడిట్ నియమం తీసేశాను.

నాలుగో గడిని దయచేసి వదిలేయకండి. వదిలేయాల్సిన రకాల జాబితాలో ఒక్క తప్పు అక్షరం పడితే అసలు డిస్క్ కూడా జాబితా నుంచి పోతుంది, చెక్ మాత్రం పచ్చగానే ఉంటుంది. మర్నాడు ఉదయం జర్నల్‌లో రాత్రంతటి ఆటోమౌంట్ కోరికలు వెతకండి. మానిటరింగ్ ప్రాసెస్ పేరు ఒక్కసారైనా కనబడితే ఆరో భాగం నుంచి మళ్లీ మొదలుపెట్టండి. కనబడకపోతే అదే మార్పును మిగతా యంత్రాలకు ఒక్కో గుంపుగా పంపండి.